పెంటమ్మ గిన్నెతో పాతబస్తీకి

నేను అబద్ధమాడనని మా బోధన్‌లో ఎవరినడిగినా చెప్తరు. కొంచెం పెంచుతనని కూడా వాళ్లే చెప్తరు. మూరెడు పామును బారెడు చేసుడు మా బాపు నుంచి నాకొచ్చిన ఆస్తి. ఆయన బర్రెలు అమ్ముడువోయినయి, పాల డబ్బాలు తుప్పువట్టినయి, ఇదొక్కటే మిగిలింది. అందుకని, మొన్న ఆషాఢంలో హైదరాబాద్ పాతబస్తీకి పోయి బోనాలు చూసొచ్చిన సంగతి రాసే ముందు ఒక మాట. ఎక్కడ పెంచిన్నో చదివేటోళ్లకు తెలుస్తనే ఉంటది. తెలువకపోతే అది నిజమనుకోండ్రి, ఎవరికీ నష్టం లేదు.

పులిని చంపిన పెంటమ్మ

మా ఇంట్లో ఒక ఇత్తడి గిన్నె ఉంది. శేరు బియ్యం వండొచ్చు. అంచు కింద చిన్న చిన్న చుక్కలతో "పెంటమ్మ" అని పేరు కొట్టి ఉంటది, పక్కన ఒక సొట్ట. నా కొడుకు చిన్నప్పుడు ఈ పెంటమ్మ ఎవరని అడిగిండు. అన్నం తినక సతాయిస్తుండె, నాకప్పుడు ఒక కథ అక్కరున్నది. మీ తాతకు నానమ్మరా, పాలు పిండుకొని అడవి దారిన వస్తుంటే పులి ఎదురైంది, ఈ గిన్నెతోటే నెత్తి మీద ఒక్కటిచ్చింది, పులి ఆడ్నే పడ్డది, ఆ సొట్ట పులి తలకాయదే అని చెప్పిన. వాడు అన్నం తిన్నడు. పదో తరగతి దాకా ఆ సొట్టను తడిమి చూసెటోడు.

కథ అక్కడ ఆగిపోతే బాగుండు. నా కోడలు స్రవంతికి ఇప్పుడు ఏడో నెల. చింతపండు పెట్టి గిన్నె తోముకుంట ఒకనాడు అన్నది, "అత్తమ్మా, ఆడపిల్ల పుడితే ఈ పెంటమ్మ ముత్తవ్వ పేరు పెడ్త. బడిల పిల్లలు నవ్వకుంట ముందట ఇంకేదన్న తగిలిద్దాం గని, ఆమె పేరు మాత్రం ఉండాలె. గంత ధైర్యమున్న మనిషి మన ఇంట్ల పుట్టింది."

నా చేతిలో చాయ్ చల్లారింది. పెంటమ్మ మా ఇంట్లో పుట్టలేదు. మా ఇంటికి కోడలుగా కూడా రాలేదు. ఆమె ఎవరో నాకే తెలువదు.

నిజం ఇది. నాకు తొమ్మిదేండ్ల వయసుదాకా మేము పాతబస్తీలో, గౌలిపురలో ఉన్నం. మా బాపు మల్లయ్య పాలు పోసెటోడు. మా అమ్మ మణెమ్మ ఆ యేడు ఉగాదికి ముందు జ్వరమొచ్చి పోయింది. ఆషాఢంలో బాపు నన్ను బోనాలకు తీసుకపోయిండు. బోనమంటే తెలువనోళ్లకు చెప్తున్న: అన్నం, పాలు, బెల్లం కలిపి వండి, గిన్నెకు పసుపు సున్నం పూసి, వేపాకులు కట్టి, మీద దీపం పెట్టి, నెత్తి మీద మోసుకపోయి అమ్మవారికి ఇచ్చుడు. కొంత అమ్మవారికి, మిగిలింది ఇంటికి తెచ్చుకొని తింటరు. ఆ గుంపులో గిన్నెలు తలల మీదుగా చేతులు మారి లోపలికి పోతయి, అట్లనే చేతులు మారి బయటికొస్తయి. పసుపు పూసినంక అన్ని గిన్నెలూ ఒక్కతీరే. ఇంటికొచ్చి కడిగితే మా అమ్మ పేరుండాల్సిన చోట పెంటమ్మ పేరున్నది.

బాపు ఉరికిండు. గుడి కాడ ఎవరూ మిగల్లేదు. తెల్లారితే లారీ ఎక్కాలె. బర్రెలమ్మి బోధన్‌లో మామ దగ్గర పనికి పోతున్నం. బాపు తిరిగొచ్చి నా పక్కన కూసొని, "అమ్మవారే అదలు బదలు చేసింది బిడ్డా. మీ అమ్మ ఆళ్లింట్ల తింటది, ఆళ్ల పెంటమ్మ మనింట్ల తింటది," అన్నడు. నేను నమ్మిన. మస్తు ఏండ్లు నమ్మిన.

అమ్మది ఫొటో లేదు. ఆమె పేరు ఏ కాయిదం మీదా లేదు. ఈ లోకంలో మా అమ్మ పేరు రాసున్న వస్తువు ఆ గిన్నె ఒక్కటే. కోడలికి కథంతా పెంచకుండా చెప్పే ముందు ఆ గిన్నెను దొరికించుకోవాలె, పెంటమ్మది పెంటమ్మకు ఇచ్చెయ్యాలె అనుకున్న. మా ఇంటాయనతో మొక్కున్నదని చెప్పి బయలుదేరిన.

నయాపూల్

శనివారం పొద్దుగాల బోధన్‌లో ఎక్కితే మధ్యాహ్నం దాటినంక మూసీ వాసన తగిలింది. వాసన తగిలిందంటే పాతబస్తీ వచ్చినట్టే.

ఆటో భాయ్ అద్దంలోంచి నన్నే చూస్తుండు. గిన్నె ఉన్న సంచిని రెండు చేతులతో ఒడిలో పట్టుకొని కూసున్న మరి.

"థైలీల ఏమున్నదమ్మా, గట్ల బిడ్డలెక్క పట్టుకున్నవ్?"

"గిన్నె."

"బంగారందా?"

"బంగారందైతే నీ ఆటో ఎందుకెక్కుత భాయ్, హెలికాప్టర్ల దిగుదు."

"అయితే ముప్ఫై రూపాయలు ఎక్కువియ్యి, హెలికాప్టర్ లెక్కనే తీస్కపోత," అన్నడు. నయాపూల్ వంతెన మీదికి రాంగనే హెలికాప్టర్ ఆగిపోయింది. ముంగట కోర్టు దిక్కు నుంచి వచ్చే కార్లు, వెనక టోకు సామాన్ల బండ్లు, నడుమ మేము. చిన్న చెరువు ఎండిపోయేంత సేపు అక్కడే ఉన్నం.

చేసేదేం లేక నది దిక్కు చూసిన. చిన్నప్పుడు బోనాల మర్నాడు అమ్మవారి ఘటాన్ని ఏనుగు మీద ఊరేగించి ఇక్కడికి తెచ్చెటోళ్లు. నాకు ఐదారేండ్లున్నప్పుడు బాపు నన్ను భుజాల మీద కూసోబెట్టుకొని ఈ వంతెన గోడకు ఆనుకొని నిలబడ్డడు. ఒంటినిండ పసుపు పూసుకున్న పోతరాజు కొరడా ఝళిపిస్తుంటే, "గా కొరడా దెబ్బకు మూసీ నడుమ పాయ తీసి ఎండిపోయింది సూడు, నడుసుకుంట పోవచ్చు," అన్నడు బాపు. నేను చూసిన. నిజంగనే ఎండిపోయి కనపడ్డది. ఆ యేడు వానలు లేవని నాకు పెద్దయినంక తెలిసింది.

భాయ్‌కి ఈ ముచ్చట చెప్పిన. ఆయన నవ్వి, "బోనాలకు మా గల్లీల మా అమ్మ ఇంటి ముందు కుండలు పెట్టి నీళ్లు పోసేది. ఏటా పోసేది. ఒక్కసారి ఒకామె నెత్తి మీద బోనం దించకుంటనే వంగి నీళ్లు తాగిందట. మా అమ్మ సచ్చేదాకా గదే చెప్పింది," అన్నడు.

"దీపం ఆరలేదా?"

"ఆరలేదంట."

నన్ను మించినోళ్లు ఉన్నరన్నమాట. ముప్ఫై రూపాయలు సంతోషంగ ఇచ్చిన.

పత్తర్‌గట్టిలో పేర్లు కొట్టే ఆయన

పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద నడుస్తుంటే అన్ని దుకాణాలోళ్లూ "అమ్మా రా, అక్కా రా" అని పిలుస్తరు. మా బోధన్‌లో దుకాణదారు మనల్ని చూసి కూడా పేపర్ చదువుకుంటడు. కావాలంటే మనమే దగ్గాలె. ఇక్కడ నేను చీరె కొననని చెప్పడానికి ఒక దుకాణంలో కూసొని చాయ్ తాగాల్సొచ్చింది. చాయ్ మాత్రం వాళ్లదే.

లోపలి సందులో గిన్నెల దుకాణాలున్నయి. ఇచ్చేటప్పుడు గిన్నె మాసి ఉండొద్దని మెరుగు పెట్టించడానికి ఒక దాంట్లోకి పోయిన. అక్కడే గడప పక్కన చిన్న పీట మీద ఒక పెద్దాయన కూసొని స్టీలు గిన్నెల మీద పేర్లు కొడుతున్నడు. తెల్ల గడ్డం, దారం కట్టిన కండ్లద్దాలు. చేతిలో పెన్ను లాంటి మిషన్, జుయ్యిమని మోగుతున్నది.

మెరుగు పెట్టిన పెంటమ్మ గిన్నెను ఆయన చేతికిచ్చి, ఇది మీరు కొట్టిందేనా అనడిగిన.

వెలుగుకు పట్టి చూసిండు. "చేతి పని. సుత్తె, మొల. మిషన్ గీత గీస్తది, గిట్ల చుక్క పెట్టదు. కాని నాది కాదమ్మా. నేను 'మ'కు ఇంత బొజ్జ పెట్టను."

"ఇప్పుడెంత తీసుకుంటున్నరు?"

"అక్షరానికి ఐదు. వత్తు ఫ్రీ." తర్వాత ఆయనే అందుకున్నడు. "సగం పాతబస్తీ ఆడోళ్ల పేర్లు నా చేతి కిందికెళ్లి పోయినయి. ఇంటి మీద పేరు మగోనిది, కరెంటు బిల్లు మీద మగోనిది. గిన్నె మీద మాత్రం ఆడమనిషిది."

"మీ ఇంటామె పేరు కొట్టిండ్రా?"

"ఒక్కసారి. తెలుగుల కొట్టిన."

"ఉర్దూల కొట్టకపోయిండ్రా?"

"ఉర్దూ సదువుతది. నా పేరు గింత చిన్న గిన్నె మీద కొట్టినవేందని లొల్లి పెట్టుకుంటది."

ఇద్దరం నవ్వినం. ఆ నవ్వులోనే అడిగేసిన: నలభై రెండేండ్ల కింద ఇట్లాంటి గిన్నె ఒకటి వేరే ఇంటికి పోయింది, ఇంకా ఉంటదా?

ఆయన మిషన్ ఆపిండు. "ఫికర్ చెయ్యకమ్మా, ఉంటే ఉంటది. కాని ఒక దినముండె, అందరు పాత ఇత్తడి తెచ్చి తూకానికిచ్చి స్టీలు పట్టుకపోయిండ్రు. గీ గడప మీదనే కుప్పలు పడేది. అంతా భట్టీకి పోయింది. పేర్లు గూడ దాంట్లనే కరిగిపోయినయి."

మెరుగుకు నూటయాభై అడిగిండు దుకాణదారు. మా దగ్గర ఎనభై. పెండ్లయినప్పటి నుంచి నేను బేరమాడకుండా పైసలిచ్చింది ఆ ఒక్కసారే.

చార్మినార్ కాడ దానం

కాళ్లు గుంజుతుంటే చార్మినార్ దగ్గర ఒక అరుగు మీద కూసున్న. సంచి తాళ్లు తెగేటట్టున్నయని గిన్నెను తీసి ఒడిలో పెట్టుకున్న. కొత్తగ మెరుగు పెట్టిన ఇత్తడి, సాయంత్రపు ఎండ. అది ఎంత మెరిసిందంటే గాజుల దుకాణాలోళ్లు లైట్లు బంద్ చేసుకున్నరు.

ఒకామె వచ్చి పది రూపాయల నోటు గిన్నెలో వేసి కండ్లకద్దుకొని పోయింది. నాకర్థమయ్యేలోపు ఇంకొకాయన వేసిండు. రేపు బోనాలు గదా. మొక్కుకున్నోళ్లు నలుగురి దగ్గర జోగడిగి ఆ పైసలతో బోనం వండుడు ఉన్నదే. నేను ఆ తీరుగ కనపడ్డ. ఒక పోరి చాక్లెట్ వేసింది. ఆ వెనక ఇంకొకామె నోటు వేసి పోతుంటే నేను లేచి ఆమె వెంటబడ్డ.

"అక్కా, నేను జోగు అడుగుతలేను. ఊరికే కూసున్న."

"ఊరికే కూసున్నోళ్లకే ఇయ్యాలె. అడిగేటోళ్లకు ఎట్లనన్న దొరుకుతది," అని ఆమె పోనే పోయింది.

ఆ పైసలు నా సంచిలో వేసుకుంటే పాపం. పక్క సందులో బెల్లం కొన్న, రేపు ఎవరి బోనంలోనన్న పడుతదని. కోడలికి లాడ్‌బజార్‌లో డజను గాజులు తీసుకున్న. నాలుగు వందలన్నడు, నూటఎనభైకిచ్చిండు. బేరం మళ్ల చేతికొచ్చిందని మనసు కొంచెం కుదుటవడ్డది. రాత్రికి ఒక లాడ్జిలో రెండు పుల్కాలు, పప్పు తిని తొందరగ పండుకున్న. నిద్రలో అన్నీ కరిగిన గిన్నెలే.

గౌలిపురలో ముగ్గురు పెంటమ్మలు

ఆదివారం పొద్దున గౌలిపుర మొత్తం వేపాకు వాసన. మా బోధన్ దిక్కు బోనాలు ఒక్క వరుసలో పోతయి. ముందు డప్పు, వెనక ఊరంతా. ఇక్కడ గల్లీకొక అమ్మవారు, గల్లీకొక మైకు, ఆ మైకులు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటయి. స్పీకర్లు బీరువాలంత ఉన్నయి. ఒక దాని ముందు నుంచి పోతుంటే నా పుస్తెల తాడు దరువేసింది.

మా పాక ఉన్న జాగలో బ్యూటీ పార్లర్ ఉంది. కొంచెం సేపు నిలబడ్డ. ఇక్కడి నుంచే ఆనాడు బోనమెత్తిన. ఇంట్లో ఆడమనిషి లేదు, తొమ్మిదేండ్ల దాన్ని నేనే. బాపే తెల్లారగట్ల లేచి అన్నం వండిండు, మాడ్చిండు, మళ్ల వండిండు. నా నెత్తి మీద అమ్మ చీరెను చుట్టకుదురు చేసి పెట్టి గిన్నె ఎత్తిండు. గుడి దాకా నా వెనకనే నడిచిండు, రెండు చేతులు గిన్నెకు అటూ ఇటూ పెట్టి. తాకలేదు. తాకితే బోనం నాది కాకుంట పోతదని. అంత దూరం చేతులట్ల లేపి నడిస్తే నొయ్యదా అనడిగితే, "బర్రెను భుజం మీద మోసినోన్ని, నాకేంది," అన్నడు.

పార్లర్ కింద పాల కౌంటర్ నడిపే అతన్ని అడిగిన, పెంటమ్మ తెలుసా అని.

"ఏ పెంటమ్మ? గౌలిపురల ముగ్గురుండె. ఒకామె పోయింది. ఒకామె కొడుకు తోటి ఉప్పల్ పోయింది. ఒకామె ఉన్నది గని, ఆమె తోటి మాట్లాడాలంటే నీళ్లు తాగి పోవాలె."

"ఎందుకు?"

"గొంతు ఎండుతది."

ఉన్న పెంటమ్మ గడపలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, మోకాళ్లకు నూనె రాసుకుంట ఇంట్లోకి హుకుంలిస్తున్నది. ఎనభై ఉంటయి. లోపల ఆమె కోడలు సుజాత ఒక గిన్నెకు పసుపు పూస్తున్నది. ఎనిమిదేండ్ల మనవరాలు భవ్య పట్టు లంగా వేసుకొని అద్దంలో చూసుకుంటున్నది.

"ఎవరు గావాలె?"

"పెంటమ్మ గారు."

"గారు అంటున్నవంటే బోనాల చందాకొచ్చినవ్. మొన్ననే ఇచ్చినం."

నేను గిన్నె తీసి ఆమె ఒడిలో పెట్టిన. ఆమె చేతులు ఆగిపోయినయి. బొటనవేలు చుక్కల మీద అటు నుంచి ఇటు పోయింది. తర్వాత సొట్ట మీదికి పోయింది.

"గిది మా అత్త నా మీదికి ఇసిరితే పడ్డది. నేను వంగిన. గోడకు తాకింది." తలెత్తి నన్ను చూసింది. "తొమ్మిదేండ్ల పోరి బోనమెత్తిందని ఆ యేడు గౌలిపుర అంత చెప్పుకున్నరు. నువ్వేనా?"

"నేనే. అండాలును. పాల మల్లయ్య బిడ్డను."

"ఇన్నేండ్లు నా గిన్నెతోటి ఏం జేసినవ్?"

చెప్పక తప్పలేదు. అన్నం వండుకున్నమని, కొడుకు తినకుంటే పులి కథ చెప్పిన్నని, ఇప్పుడు కోడలు ఆమె పేరు పెట్టుకుంటనంటున్నదని అంతా చెప్పిన. పెంటమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని ఊగి ఊగి నవ్వింది.

"సుజాతా, ఇన్నవానె? ఈడ నీతోటి మాటలు పడుకుంట కూసున్న. ఆడ బోధన్‌ల నేను పులిని సంపిన."

"నిన్ను చూస్తే అదే చస్తది అత్తమ్మా," అన్నది సుజాత లోపల్నుంచి.

పెంటమ్మ గిన్నెను మళ్ల నా చేతిలో పెట్టింది. "నీ కాడనే ఉండనియ్యి. ఈడ నాకు మోకాళ్ల నొప్పులు. ఆడన్న జరంత ధైర్యంగ బత్కుత. నీ కోడలుకు మాత్రం నిజం చెప్పు. చెప్పినంక గూడ పేరు పెడ్తనంటే పెట్టనియ్యి."

ఇంక నాది అడగాలె. నోరు తెరవకముందే ఆమె ముఖం మారింది.

"మీ అమ్మ గిన్నె లేదు బిడ్డా."

ఆ గిన్నె అడుగు రెండుసార్లు ఓటుపోయి కారితే మాట్లు పెట్టించిందట. మూడోసారి బోనం నాడే పాలు కారినయట. ఇత్తడి ఇచ్చి స్టీలు తెచ్చుకున్నది. భట్టీ, ఆ పెద్దాయన చెప్పినట్టే. నేను గడప మీద కూలబడ్డ. అంత దూరం నుంచి వచ్చి, ఆ గిన్నెను ఒక్కసారి చేత్తో పట్టుకోవాలనుకున్న, అంతే.

"జర ఆగు," అన్నది పెంటమ్మ. "గదిట్ల తే సుజాతా."

సుజాత పసుపు పూస్తున్న స్టీలు గిన్నెను పట్టుకొచ్చింది. తడి పసుపును వేలితో జరిపి చూపించింది. అంచు కింద "మణెమ్మ" అని ఉంది.

"పేరు కొట్టేటాయన అడిగిండు, ఏం పేరని. పాత గిన్నె మీద ఉన్న పేరే కొట్టుమన్న," అన్నది పెంటమ్మ. "గా యేడు గిన్నె మారిందని ఎరుకైనంక రెండు ఆదివారాలు గుడి కాడ కూసున్న. ఒకాయన చెప్పిండు, మణెమ్మ పోయింది, మొగడు ఊరిడిసి పోయిండని. నాకు భయమైంది. సచ్చిపోయినామె బోనం తిన్నం గద మేము. ఏం చెయ్యాలె? అందుకని మర్ల యేడు సంది, ఎత్తినప్పుడల్ల ఆమె పేరు ముందు చెప్పి నా పేరు ఎనక చెప్తున్న. నా మోకాళ్లు పోయినంక సుజాత చెప్తది."

భవ్య వచ్చి గిన్నెను పట్టుకొని నిలబడ్డది. "మణెమ్మ నానమ్మ నీకు తెలుసా? మూసీకి వరదొచ్చినప్పుడు పన్నెండు బర్రెల్ని కొమ్ములు పట్టుకొని ఈదించి నయాపూల్ మీదికెక్కించింది. నిజమేనా?"

పెంటమ్మ దిక్కు చూసిన. ఆమె గోడ మీద బల్లిని చూస్తున్నది. అన్నం తినని పిల్లలు అన్ని ఇండ్లల్లో ఉంటరు.

"పన్నెండు కాదు బిడ్డా, పదమూడు," అన్న. "ఒకటి దూడ, నీళ్లల్ల కనపడలేదు."

భవ్య ఈ సంగతి చెప్పడానికి పక్కింటికి ఉరికింది. అప్పుడు పెంటమ్మ గొంతు తగ్గించి అడిగింది, "ఎట్లుండేది మీ అమ్మ? ఇన్నేండ్లు పేరు చెప్తున్న. ఎన్నడు సూడలే."

నా నోట్లో రెండు మూడు కథలు తయారుగనే ఉన్నయి. అందం గురించి ఒకటి, బలం గురించి ఒకటి. ఏదీ బయటికి రాలేదు.

"పాలు పిండేటప్పుడు నన్ను ఎదురుగ కూసోబెట్టుకునేది," అన్న. "నోరు తెరువమని ధార నా నోట్లకు కొట్టేది. సగం మొఖం మీద పడేది. ఎడమ చెయ్యి మీద కాలిన మచ్చ ఉండేది. మొఖం యాదికి లేదు."

"గంతేనా?"

"గంతే."

"సాలు," అన్నది పెంటమ్మ. "నాకు గది గూడ లేకుండె." స్టీలు గిన్నె దిక్కు చెయ్యి చూపెట్టి, "బోనమైనంక గీ గిన్నె నువ్వు తీస్కపో. నీ తల్లి పేరు, నీ కాడుండాలె," అన్నది.

తలుపు కాడికొచ్చిన భవ్య అది విన్నది. "మణెమ్మ మనది," అన్నది.

"మనది గాదె. ఆమె తల్లి."

ఆ పిల్ల మూతి ముడుచుకొని పోయి సుజాత వెనక నిలబడ్డది. నాకు జాలేసింది గని, వద్దని మాత్రం అనలేదు. కొంచెం దూరం నుంచా వచ్చిన?

ఎవరి బోనం

నేను తెచ్చిన బెల్లం కూడా వేసి సుజాత బోనం వండింది. గిన్నె నిండిందాక, దీపం పెట్టిందాక అందరం టీ నీళ్ల మీదనే ఉన్నం. పెంటమ్మ కుర్చీలోంచి హుకుమిచ్చింది, ఇయ్యాల అండాలు ఎత్తుతదని. నేను యాభై దాటినదాన్ని, మెడ నొప్పి, అలవాటు లేదు అన్న. "పులి కథలు చెప్పేటప్పుడు నొయ్యలేదా మెడ," అన్నది.

గుడి వాళ్లింటికి మూడు వందల అడుగులు. పోవడానికి గంట పట్టింది. ఇందులో పెంచింది ఏం లేదు. ముందు డప్పులు, పక్కన బోనాలే బోనాలు, చీరెల మీద పసుపు నీళ్లు, ఎవరో పూనకంతో ఊగుతున్నరు, ఎవరో ఆమె కొంగు సరిచేస్తున్నరు. ఒక చోట నా కాళ్లు నేలకు ఆనకుండానే గుంపు నన్ను ముందుకు తీసుకపోయింది. ఇది కొంచెం పెంచిన. నెత్తి మీద గిన్నె వేడి మాత్రం చుట్టకుదురు దాటి మాడుకు తగులుతుండె. వేడి అన్నం వేడి. తొమ్మిదేండ్లప్పుడు తగిలినట్టే ఉందని అనుకున్న. అప్పటిది నిజంగ యాదున్నదో, ఇప్పుడు అల్లుకుంటున్ననో నాకే తెలువదు.

గుడి తలుపు కాడ ఇనుప కటకటాలు. ఒక మనిషి లోపలి మెట్టు మీద నిలబడి గిన్నెలందుకుంట, ఎవరి బోనమో అడిగి ఆ పేరు లోపలికి కేకేస్తున్నడు. నలభై ఏండ్లుంటయేమో. చెమటకు అంగీ ఒంటికి అంటుకున్నది. మా వంతొచ్చింది. ఆయన చేతులు నా నెత్తి మీది గిన్నె దాకా వచ్చినయి.

"ఎవరి బోనం?"

బస్సులో పక్క సీటోళ్లను మూడు గంటలు నిద్రపోనియ్యని నోరు ఇది. ఆ ఒక్క పేరు చెప్పలేకపోయింది. నా వెనక జనం నూకుతున్నరు. సుజాత చెప్పలేదు, నేనే చెప్పాలని ఊకున్నది.

"ఎవరిదమ్మా, జల్ది చెప్పాలె."

మూతి ముడుచుకున్న భవ్య సుజాత చంక కింది నుంచి తలకాయ బయటపెట్టింది. అలవాటైన బడి పాఠం లెక్క, ఒక్క గుక్కలో అరిచింది.

"మణెమ్మ బోనం, పెంటమ్మ బోనం."

"ఏటా చెప్పుడే గద బిడ్డా," అన్నడాయన గిన్నె అందుకుంట. "మణెమ్మ బోనం నాకు తెల్వదా?" వెనక్కి తిరిగి, డప్పుల మీదికెళ్లి, లోపలి దాకా వినపడేటట్టు మా అమ్మ పేరు కేకేసిండు. లోపల ఇంకెవరో దాన్ని అందుకొని మళ్ల కేకేసిండ్రు.

నేను పక్కకు జరిగిన. కటకటాలు పట్టుకొని నిలబడ్డ. మా అమ్మను ఎన్నడూ చూడని మనుషులు, ఆమె పోయినంక పుట్టిన మనుషులు, ఆమె పేరు ఒకరి నోట్లోంచి ఒకరి నోట్లోకి అందించుకుంటున్నరు. ఈ గిన్నెను నేను బోధన్‌కు పట్టుకపోతే మా అల్మారలో పెడ్త. పండుగ నాడు తోముత. వచ్చే యేడు ఈ మెట్టు మీద ఈయన ఎవరి బోనమని అడిగితే, పెంటమ్మ పేరొక్కటే చెప్తరు.

గిన్నె తలల మీదుగా తిరిగొచ్చింది. ఈసారి నేను తీసుకునే ముందు అంచును బొటనవేలితో తుడిచి పేరు చూసుకున్న. తర్వాత వంగి భవ్య చేతుల్లో పెట్టిన.

"బరువున్నది. మెల్లగ పట్టుకో."

"తీస్కపోవా?"

"పోను."

ఆ పిల్ల గిన్నెను రెండు చేతులతో పొట్టకు ఒత్తుకొని, లంగా తొక్కుకోకుండా చూసుకుంట, జనంలోంచి ఇంటి దిక్కు నడిచింది. నేను వెనక నడిచిన.